50 ఎంబి లోపే ఉన్నా ఫొటో ఎక్కట్లేదా? ఐదడుగుల కాన్వాస్ ప్రింట్ కోసం నేను పడ్డ తిప్పలు

ముందే చెప్పేస్తున్నా, సైట్ పేరు రాయట్లేదు. ప్రింట్ బాగానే ఇచ్చారు, అప్‌లోడ్ దగ్గర మాత్రం నాలుగు రోజులు ప్రాణం తోడేశారు. పేరు పెట్టి తిడితే ఆ ప్రింట్ వేసినోళ్లకి అన్యాయం, పేరు పెట్టి పొగిడితే రేపు మీరొచ్చి నన్ను తిడతారు. కానీ ఈ గోల ఒక్క ఆ సైట్‌ది కాదు, పెద్ద ఫొటో ఆన్‌లైన్‌లో ప్రింట్‌కి ఇచ్చే ఎవరికైనా ఎక్కడో ఒకచోట తగిలేదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

సంగతేంటంటే మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు, రాజమండ్రిలోనే ఉంటారు. హాల్లో సోఫా వెనక గోడ ఖాళీగా ఉంది, అక్కడ గోదావరి ఆర్చ్ బ్రిడ్జి మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఫొటోలో పెట్టాలని నా కోరిక. ఆయన డ్యూటీ చేసిన రోజుల్లో చాలాకాలం ఎన్నో బండ్లు పక్కనున్న పాత హేవ్‌లాక్ బ్రిడ్జి మీదే, 1900 నుంచి 1997 దాకా నడిచింది కదా అది, ఆ తర్వాత ఈ ఆర్చ్‌లది. సంక్రాంతికి వెళ్లినప్పుడు పొద్దున్నే గట్టు మీద ట్రైపాడ్ పెట్టి, కెమెరా నిలువుగా తిప్పి, ఎడమ నుంచి కుడికి తొమ్మిది ఫొటోలు తీశా. 24 మెగాపిక్సెల్ కెమెరా, ఒక్కో ఫొటో 4000 బై 6000. ఒకదాని మీద ఒకటి సగం దాకా వచ్చేలా తీసి కంప్యూటర్లో కుట్టేస్తే, పైనా కిందా కత్తిరించాక 20400 బై 5100 పిక్సెల్స్ పనోరమా వచ్చింది. పొడవు ఎత్తుకి సరిగ్గా నాలుగు రెట్లు. ఆ సైట్లో 60 బై 15 అంగుళాల కాన్వాస్ ఉంది, అదీ నాలుగు రెట్లే, ఎక్కడా కత్తిరించక్కర్లేదు. అంతా దేవుడు కలిపినట్టు కుదిరింది అనుకున్నా, అక్కడితో దేవుడి డ్యూటీ అయిపోయింది.

మొదట నా అమాయకత్వం కొద్దీ 16 బిట్ టిఫ్ ఫైలే (ఫొటోని నొక్కకుండా మొత్తం వివరంతో దాచుకునే రకం) పెట్టా, 624 ఎంబి. పెట్టీ పెట్టగానే "50 ఎంబి లోపు జెపెగ్ మాత్రమే" అని ఎర్రగా వచ్చింది. సరే న్యాయమే, ముందే చదువుకోవాల్సింది నేనే. ఇంతకీ ఆ 624 ఎక్కడిదంటే, పది కోట్ల నలభై లక్షల పిక్సెల్స్, ఒక్కోదానికి ఎరుపు ఆకుపచ్చ నీలం మూడు అంకెలు, 16 బిట్‌లో ఒక్కో అంకెకి రెండు బైట్లు, మొత్తం ఆరు. 8 బిట్ చేస్తే సగం, 312. జెపెగ్‌లో నొక్కితే ఇంకా బాగా తగ్గుద్ది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తది.

ఫొటోషాప్‌లో క్వాలిటీ 12 పెట్టి జెపెగ్ చేశా, 71 ఎంబి. 50 కంటే ఎక్కువేనని తెలుసు, అయినా మనవాడి ఆశ మనవాడిది, ఒక్కోసారి ఒప్పుకుంటారేమోనని పెట్టా. బార్ మెల్లగా 100 శాతం దాకా వెళ్లి, అక్కడ రెండు నిమిషాలు కూర్చుని, "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అంది. ఏం రాంగో చెప్పదు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే 413 అని ఉంది. అంటే మీరు పంపింది మా గుమ్మంలో పట్టదు అని సర్వర్ చెప్పడం. ఆ మాటే స్క్రీన్ మీద రాస్తే ఏం పోయిందో వీళ్లకి. ఎవరికైనా ఇలా పైకి అర్థంకాని ఎర్రర్ వస్తే ఒకసారి ఆ ట్యాబ్ చూడండి, 413 ఉంటే ఫైల్ బరువు సమస్య, ఇంకేదైనా ఉంటే సమస్య వేరే.

ఇప్పుడు క్వాలిటీ 10 కి దించా, 34 ఎంబి అయింది. 12 కీ 10 కీ తేడా స్క్రీన్ మీద 200 శాతం జూమ్ చేసి కళ్లు చికిలించినా నాకు కనపడలేదు, సైజు మాత్రం సగానికి పడిపోయింది, కాబట్టి 12 మీద మోజు ఉన్నవాళ్లు వదిలేసుకోండి. 34 అంటే 50 కి చాలా కింద. హాయిగా ఎక్కుద్ది అనుకుని పెట్టా. బార్ వెళ్లింది, 100 అయింది, చక్రం తిరిగింది, తిరిగింది, మళ్లీ అదే సమ్‌థింగ్ వెంట్ రాంగ్. ఈసారి ఎఫ్12 లో చూస్తే అప్‌లోడ్ సక్సెస్ అనే ఉంది! ఫైల్ వాళ్లకి చేరింది, చేరాక లోపల ఏదో చచ్చిపోయింది.

నెట్ సమస్యేమో అనుకుని ఫోన్ హాట్‌స్పాట్ మార్చా, బ్రౌజర్ మార్చా, ఫైల్ పేరులో తెలుగు అక్షరాలున్నాయని అవి తీసేసి ఇంగ్లీషులో పెట్టా, రాత్రి రెండింటికి లేచి ట్రై చేశా (ఆ టైమ్‌కి సర్వర్ ఖాళీగా ఉంటదని మా తమ్ముడి సలహా). ఏమీ లేదు.

ఇక చాట్ సపోర్ట్. వాళ్ల మర్యాదకి వంక పెట్టలేం, ప్రతి మెసేజ్‌కీ డియర్ సర్ ఉంటది. మొదటి సలహా, ఫొటోని ఏదైనా ఫ్రీ కంప్రెసర్ సైట్‌లో పెట్టి 2 ఎంబి కి తగ్గించి అప్‌లోడ్ చేయండి అని. అయ్యా నేను ఐదడుగుల ప్రింట్ వేయిస్తుంటే 2 ఎంబి ఏంటండీ అంటే, "సర్ క్వాలిటీ ఏమీ పోదు సర్" అంట. సరే చూద్దామని నిజంగానే ఒక సైట్‌లో పెట్టి చూశా. బ్రిడ్జి ఆర్చ్‌ల నుంచి కిందకి వేలాడే నిలువు కడ్డీలు ఉంటాయి కదా, దగ్గరి నాలుగు ఆర్చ్‌లకి ఉన్నాయి, అవతల ఒడ్డు వైపు వెళ్లేకొద్దీ కడ్డీలు పొగలో కలిసిపోయి, ఆకాశంలో గళ్లు గళ్లుగా మచ్చలొచ్చాయి. పొద్దుటి ఆకాశం అంటే నున్నగా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారాలి, అది కాస్తా బాత్రూం టైల్స్ లాగ అయింది.

రెండో సలహా ఇంకా గొప్పది. మీ ఇమేజ్ 72 డిపిఐ చూపిస్తోంది సర్, 300 చేసి పెట్టండి అని. ఇది చాలామందికి ఉన్న అపోహ, స్టూడియోల్లో కూడా విన్నా. ఫైల్ లోపల డిపిఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అని ఉండేది ఒక చీటీ లాంటిది అంతే, ఆ చీటీ మీద 72 రాసినా 300 రాసినా పిక్సెల్స్ అవే, ఎంబిలు అవే. ఫొటోషాప్ ఇమేజ్ సైజ్‌లో రీశాంపుల్ (పిక్సెల్స్ సంఖ్య మార్చే ఆప్షన్) టిక్ తీసేసి మార్చి చూడండి, ఒక్క పిక్సెల్ కదలదు. అసలు చూడాల్సింది పిక్సెల్స్‌ని అంగుళాలతో భాగిస్తే ఎంత వస్తుందని. నాది 20400 ని 60 తో భాగిస్తే 340. ఇంక దీంట్లో తక్కువేముంది? టిక్ తియ్యకుండా 72 ని 300 చేశారనుకోండి, లేని పిక్సెల్స్‌ని కంప్యూటరే పుట్టించి ఫైల్‌ని ఇంకా లావు చేస్తది, ఉన్న రోగానికి తోడు కొత్త రోగం.

మూడో సలహా, మా మొబైల్ యాప్‌లో ట్రై చేయండి సర్. చేశా. ఎక్కేసింది! ఒక్క నిమిషంలో. నాకు ఆనందం వేసి కార్ట్‌లో పెట్టేశా కూడా, కట్టబోయే ముందు ప్రివ్యూ మూలన చిన్న పసుపు త్రికోణం కనపడింది, నొక్కితే లో క్వాలిటీ అంట. ఏంటా అని తవ్వితే, యాప్ నాకు చెప్పకుండా ఫొటోని 4096 పిక్సెల్స్ పొడవుకి కుదించి పంపిస్తోంది. 4096 ని 60 తో భాగిస్తే 68. ఆ త్రికోణం నా బొటనవేలి గోరులో పావు వంతు ఉంటది, చూడకపోతే నాలుగు వేల ఎనిమిది వందలు కట్టి మసక బ్రిడ్జి తెచ్చుకునేవాణ్ణి. దీనికి మాత్రం నిజంగా కోపం వచ్చింది. పట్టదు అంటే అర్థం చేసుకుంటాం, పట్టిందని చెప్పి కత్తిరించి లోపల పెట్టుకోడమేంటి. వాట్సాప్ కూడా అదే పని చేస్తది అనుకోండి, కానీ అందులో డాక్యుమెంట్‌గా పంపే దారి ఒకటుంది, అలా పంపితే ఫొటోని ముట్టుకోదు, 2 జిబి దాకా వెళ్తది.

విసుగొచ్చి పెన్ డ్రైవ్‌లో ఆ 624 ఎంబి టిఫ్ వేసుకుని, ఊరెళ్లినప్పుడు మా వీధి చివర ఫ్లెక్స్ కొట్టుకి తీసుకెళ్లా. ఆయన డ్రైవ్ గుచ్చాడు, డబుల్ క్లిక్ కొట్టాడు, ఓపెన్ అయిపోయింది. లిమిట్ లేదు, చక్రం లేదు. "ఇదేటండి బాబు ఇంత బరువుంది, మేం ఇరవై అడుగుల బోర్డుకే 72 పెట్టి లాగించేస్తాం" అని నవ్వాడు. నిజమే, నలభై అడుగుల దూరం నుంచి చూసే పుట్టినరోజు ఫ్లెక్స్‌కి అంతే చాలు. కానీ కాన్వాస్ ఆయన దగ్గర లేదు, హైదరాబాద్ పంపించి వేయించాలి, పదిహేను రోజులన్నాడు, మళ్లీ సైట్ కాళ్లే పట్టుకున్నా.

అప్పుడు బుర్రలో వెలిగింది, అసలు ఇది ఎంబి సమస్యేనా అని. పనోరమాని మధ్యకి కత్తిరించి ఎడమ సగం మాత్రం, 10200 బై 5100, క్వాలిటీ 12 లో సేవ్ చేశా. 36 ఎంబి. అంటే ఫెయిలైన ఫైల్ కంటే రెండు ఎంబి ఎక్కువ. పెట్టా. టక్కున ఎక్కింది, ప్రివ్యూ కూడా వచ్చేసింది! 36 ఎక్కి 34 ఎక్కలేదంటే గొడవ బరువుతో కాదు, పొడవు వెడల్పులతో. సైట్‌లో ఎక్కడా రాయని పిక్సెల్ లిమిట్ ఒకటి లోపల దాక్కుని ఉంది.

ఇలాంటి లిమిట్ ఎందుకు పెడతారంటే, కారణం సబబైనదే. జెపెగ్ అంటే మడత పెట్టిన చీర లాంటిది, సంచిలో చిన్నగానే కనపడుద్ది, ప్రింట్ కోసం సర్వర్ దాన్ని విప్పి పరవాలి. నా 34 ఎంబి ఫైల్ విప్పితే ఇందాకటి 312 ఎంబి మెమరీ. ఒకేసారి వందమంది ఇలాంటివి పెడితే సర్వర్ కూలబడుద్ది. పైగా కొన్ని కేబీల ఫైల్‌లో కోట్ల పిక్సెల్స్ కుక్కి కావాలని సర్వర్లని పడగొట్టే తుంటరోళ్లు కూడా ఉంటారు. అందుకే ఫొటోలు తెరిచే ప్రోగ్రామ్‌లలోనే ఈ కాపలా ఉంటది, పైథాన్ వాళ్లు వాడే పిల్లో అనే లైబ్రరీ మామూలుగా దాదాపు 8 కోట్ల 95 లక్షల పిక్సెల్స్ దాటితే వార్నింగ్ ఇస్తది, దానికి రెట్టింపు దాటితే తెరవనే తెరవదు. ఈ సైట్ వాళ్లు తమ లెక్క ఏదో పెట్టుకున్నారు, పెట్టుకోనీ, ఆ అంకె 50 ఎంబి పక్కన రాస్తే సరిపోయేది కదా.

ఎంతో తెలుసుకోవాలని కొంచెం కొంచెం తగ్గిస్తూ పెట్టా. 20400 బై 5100, అంటే 104 మెగాపిక్సెల్స్, ఫెయిల్. 20000 బై 5000 అంటే సరిగ్గా 100, ఫెయిల్. 19800 బై 4950 అంటే 98, పాస్! 32 ఎంబి ఫైల్, మొదటిసారికే ప్రివ్యూ, పచ్చ టిక్, ఎక్సలెంట్ క్వాలిటీ అని సర్టిఫికెట్ కూడా. అంటే నేను తగ్గించాల్సింది పొడవులోనూ ఎత్తులోనూ వందకి మూడు వంతులు. వాళ్లు నాకు చెప్పింది 2 ఎంబి కి నొక్కెయ్యమని. ఈ 98 ముక్క చాట్‌లో చెప్తే "థాంక్యూ ఫర్ యువర్ వాల్యుబుల్ ఫీడ్‌బ్యాక్ సర్" అన్నారు, అది జరిగి నెల దాటింది, అప్‌లోడ్ పేజీలో ఇవాళ్టికీ 50 ఎంబి అనే ఉంది.

రంగుల గురించి ఒక ముక్క. ప్రివ్యూలో నా సూర్యోదయం కాస్త వెలిసిపోయినట్టు కనపడింది, చూస్తే ఫైల్ అడోబ్ ఆర్‌జిబి లో ఉంది, సైట్ దాన్ని ఎస్ఆర్‌జిబి అనుకుంటోంది (రెండూ రంగుల్ని అంకెల్లో రాసే పద్ధతులే, లెక్క వేరు). ఫొటోషాప్‌లో కన్వర్ట్ టు ప్రొఫైల్ కొట్టి మారిస్తే సరిపోయింది, అసైన్ ప్రొఫైల్ మాత్రం కొట్టకండి, అది చీటీ మార్చడమే. ఐఫోన్‌లో తీసినోళ్లు హెచ్ఈఐసి ఫైల్ పెట్టి ఎక్కట్లేదని కంగారు పడకండి, ముందు జెపెగ్ చేసుకోండి. కాన్వాస్ అంచుల్లో ఒకటిన్నర అంగుళం చెక్క ఫ్రేమ్ పక్కకి మడుస్తారు, ఆ ముక్క మీ ఫొటోలోంచే పోతది, మిర్రర్ ఎడ్జ్ అనే ఆప్షన్ పెడితే ఫొటో మొత్తం ముందు వైపే ఉండి అంచులకి అద్దంలో బొమ్మలాగ తిప్పి వేస్తారు. నేనదే పెట్టా.

ఇక ప్రింట్ సంగతి. ఆరు రోజులన్నారు, తొమ్మిది పట్టింది. ప్యాకింగ్ మాత్రం శభాష్, నాలుగు మూలలకీ గట్టి అట్ట టోపీలు, మధ్యలో ప్లైవుడ్ ముక్క, కొరియర్ అబ్బాయి గేటుకి కొట్టుకుంటూ తెచ్చినా ఏమీ కాలేదు. బట్ట బిగుతుగా లాగారు, వెనక పిన్నులు వరసగా కొట్టారు, మూలల మడత నీట్‌గా ఉంది. సూర్యుడి పక్కన ఆ నారింజ నుంచి బూడిద రంగులోకి జారే చోట ఒక్క గీత రాలేదు. చీకటి భాగాలు మాత్రం స్క్రీన్ మీద కంటే ఒక మెట్టు నల్లగా వచ్చాయి, పాత బ్రిడ్జి స్తంభాల మీది వివరం కొంత మింగేసింది, కాన్వాస్‌కి ఇచ్చేముందు నీడల్ని కొంచెం లేపి ఇవ్వడం మంచిది.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. నేను 340 పోయి 330 అయిందని బాధపడ్డాను గానీ, కాన్వాస్ అంటే గరుకు బట్ట కదా, ఆ నేతలోనే సన్న వివరం సగం కలిసిపోతది. అదే ఫొటో 150 దగ్గర, అంటే 9000 బై 2250, చిన్న ముక్క ఒకటి వేరేగా వేయించి పక్కన పెట్టి చూశా, మీటరు దూరం నుంచి నాకైతే తేడా తెలియలేదు. మామూలు కంటికి మీటరు దూరంలో అంగుళానికి 90 చుక్కలు దాటితే విడివిడిగా కనపడవు, 300 అనే అంకె పుస్తకం చదివినట్టు అడుగు దూరంలో పట్టుకుని చూసేదానికి. కాబట్టి సోఫా వెనక కాన్వాస్‌కి 150 నుంచి 200 ఉంటే ధైర్యంగా ఇచ్చేయండి, లిమిట్ల గోల సగం అక్కడే తీరిపోతది. గ్లాసీ పేపర్ మీద, పెళ్లి ఆల్బం లాంటి చేత్తో పట్టుకునే వాటికి మాత్రం 300 కి తగ్గకండి.

మార్కులంటారా, ప్రింట్‌కి ఐదుకి నాలుగున్నర, ప్యాకింగ్‌కి ఐదు, అప్‌లోడ్ పేజీకి ఒకటి, యాప్‌కి సున్నా. చాట్ అబ్బాయికి నేను మార్కులు వెయ్యను, ఆ స్క్రిప్ట్ రాసిచ్చినోళ్లకి వేస్తా.

గోడకి తగిలించిన రోజు మాత్రం మర్చిపోలేను. మీటరు దూరం అని ఇందాక చెప్పానే, మా నాన్నకి ఆ రూల్ వర్తించదు. కళ్లజోడు పెట్టుకుని, ముక్కు కాన్వాస్‌కి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకి వేలు పెట్టి వరసగా వెళ్లారు. మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి వెళ్లారు. నేను ఆయన మెచ్చుకుంటారని ఫోన్‌లో వీడియో కూడా ఆన్ చేసి నిలబడ్డా.

"ఇరవై ఏడే ఉన్నాయేంట్రా?"

"ఏంటి నాన్నా?"

"ఆర్చ్‌లు. ఇరవై ఎనిమిది ఉండాలి."

లాప్‌టాప్ తీసి అసలు ఫొటోలు ఒక్కోటి లెక్కపెట్టా. ఆరోదీ ఏడోదీ కలిపే చోట, ఆర్చ్‌లన్నీ ఒకేలా ఉండేసరికి కుట్టే సాఫ్ట్‌వేర్ ఒక ఆర్చ్‌ని పక్క ఆర్చ్ అనుకుని రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టేసింది. నేను ఆ ఫైల్‌ని 200 శాతం జూమ్‌లో నాలుగు రోజులు చూశా, ఆకాశంలో మచ్చలు వెతికా, కడ్డీలు వెతికా, ఆర్చ్‌లు లెక్కపెట్టాలని మాత్రం తోచలేదు. దీనికి సైట్ వాళ్లని ఏమీ అనలేం.

అతుకు చేత్తో సరిచేసి నిన్న మళ్లీ ఆర్డర్ పెట్టా, 19800 బై 4950, ఒక్క దెబ్బకే ఎక్కింది. అది వచ్చేదాకా పాతదే గోడ మీద ఉంది. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ముందు కాఫీ అడగట్లేదు, లెక్కపెట్టమంటున్నారు.